మూడో లాంచర్

దేవుడమ్మ పెనానికి నూనె రాస్తుండగా గేటు చప్పుడైంది. విశాఖ నుంచి తొలి బస్సుకి దిగిన కుర్రాడు. పేరు దత్తు అన్నాడు, సాయిలక్ష్మి గారితో మాట్లాడాలన్నాడు. కూతురి మీద ఏ కేసు పడిందోనని దేవుడమ్మ భయపడింది.

సాయిలక్ష్మి డిగ్రీ అయ్యాక నర్సీపట్నంలో ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ఆటల మీద వీడియోలు చేస్తోంది. ఆటల్ని నెట్‌లోంచి దింపి, తెరిచి, తర్వాత వచ్చే సవరణలు, అదే ప్యాచ్‌లు, ఎక్కించేదాన్ని లాంచర్ అంటారట. ఏది మారిన ముక్క మాత్రమే దింపుతుంది, ఏది ఆటంతా మళ్లీ దింపించి డేటా తినేస్తుంది, ఏ కంపెనీ ఆటని సగం ఉడికించి జనం మీదికి వదిలేస్తుంది, అన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. ఆమె ఒకదాన్ని బాగోలేదంటే జనం దాన్ని ముట్టుకోరు. ఆ మాట చెడకూడదనే ఎవరి దగ్గరా కానుక కూడా పుచ్చుకోదు.

పోయిన వారం మూడు లాంచర్లు పోల్చింది. మూడోది దత్తూ, అతని స్నేహితులూ చేసింది. ప్యాచ్ మధ్యలో కంప్యూటర్నే పడగొట్టిందని, ఆ తర్వాత ఆట తెరుచుకోలేదని, దీన్ని నమ్మొద్దని చెప్పింది. అది చూసి చాలామంది తీసేశారని, ఇలాగే ఉంటే మూసేసుకోవడమేనని దత్తు తలొంచుకుని చెప్పాడు.

"మా దగ్గర ఎన్నిసార్లు చేసినా అలా అవట్లేదండీ."

"మిగతా రెండూ బాగానే ఎక్కించేయి. మీదే సచ్చింది," అంది సాయిలక్ష్మి.

తమది ఒక్కో ఫైలూ సరిచూసుకుంటూ రాస్తుందని, అప్పుడు మిషన్ బాగా వేడెక్కి ఫ్యాను మోతెక్కిపోతుందని అతను వివరించాడు. ఆ కాసేపట్లో కరెంటు పోతే మాత్రం ఆట పాడవుతుంది, ఆ లోపం ఇంకా సరిచెయ్యాలి అని ఒప్పుకున్నాడు కూడా.

"అమ్మా, ప్యాచ్ ఎక్కుతుండగా వదిలీసి నేను లోవమ్మత్త ఇంటికెల్లిన రోజు కరెంటు గానీ పోయిందేటి?" అని వంటింట్లోకి కేకేసి, సాయిలక్ష్మి అతనితో నవ్వుతూ అంది. "మా అమ్మ కుక్కర్ కూతేస్తేనే వీధిలోకి పరిగెడతాది. కరెంటు పోతే ఊరందరికీ తెలిసిపోద్ది."

పెనం మీద దోసె మాడుతోంది.

"లేదు," అంది దేవుడమ్మ.

అది అబద్ధం కాదు. కరెంటు పోలేదు. ఆ మధ్యాహ్నం కూతురి గదిలో కంప్యూటర్ పెట్టె రైసుమిల్లులా మోగింది. చెయ్యేసి చూస్తే కాలిపోతోంది. ఇల్లంతా అంటుకున్నట్టే కళ్లముందు కనబడింది. స్విచ్చి ఆపేసింది. చల్లారాక, కూతురు వచ్చేలోగా, మళ్లీ వేసి బొత్తాం నొక్కింది. ఏమీ కాలేదులే అనుకుంది.

దత్తు దోసె వద్దన్నాడు. చెప్పులేసుకుంటున్నాడు. వీడి తల్లి వీడి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది కదా అనిపించింది దేవుడమ్మకి. కాళ్లు వాటంతటవే వీధి అరుగు మీదికి నడిచాయి.

"ఆగు నాయినా. ఆ స్విచ్చి కట్టీసింది నేను."

సాయిలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది. "మరి ఇందాక అడిగితే?"

"కరెంటు పోయిందా అనడిగేవు."

"అమ్మా."

"భయమేసిందే. ముందు పేలిపోతాదని. తర్వాత నువ్వు తిడతావని."

సాయిలక్ష్మి తిట్టలేదు. అదే దేవుడమ్మకి భరించరానిదైంది. కూతురు దత్తుని లోపలికి రమ్మని, అదే ప్యాచ్ మళ్లీ ఎక్కించింది. ఆట తెరుచుకుంది. దత్తు కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత సాయిలక్ష్మి ఫోను నిలబెట్టి వీడియో మొదలుపెట్టింది. తలుపవతల నిలబడ్డ దేవుడమ్మకి ప్రతి మాటా వినిపించింది. దగ్గర కూర్చుని చూడకుండా తీర్పు చెప్పాను, తప్పు నాది, క్షమించండి. తల్లి మాట ఎక్కడా లేదు.

ఇన్నేళ్లూ ఈ పిల్లకి ఎక్కడినుంచి ఏ కీడు వస్తుందోనని కాపలా కాసింది. తన చేత్తోనే వచ్చింది. దాన్ని కూడా ఆ పిల్లే మోస్తోంది.

తలుపు తోసుకుని లోపలికెళ్లింది. "నా పేరు సెప్పు."

"సెప్తే సూసినోళ్లు నిన్ను తిడతారే. ఆళ్ల నోళ్లు నీకు తెలీవు."

"తిట్టనీ. జరుగు."

సాయిలక్ష్మి కుర్చీలోంచి లేచింది. దేవుడమ్మ కూర్చుని పైట సరిచేసుకుంది. ఎటు చూడాలని అడిగింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నేను సాయిలక్ష్మి అమ్మని," అంది. "ఆ కుర్రోళ్లది ఏ తప్పూ నేదు, మా పిల్లదీ నేదు."