దారానికి ఆ చివర

మధ్యాహ్నం మూడయ్యేసరికి అక్కాచెల్లెళ్లిద్దరూ హాల్లో ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని కూర్చోవడం రెండు నెలలుగా అలవాటైపోయింది. మధ్యలో తెల్లటి దారం. దానికి మూడు పూసలు. దగ్గరగా ఎర్రది, నడుమ పసుపుది, ఆ చివర నీలంది. చెల్లెలు దారం కొసను ముక్కుకి ఆనించి పట్టుకుని పూసల్ని ఒక్కొక్కటే చూడాలి.

నాలుగు నెలల క్రితం ఆమె మేడ మెట్ల మీంచి పడింది. తలకి దెబ్బ. కళ్లకేం కాలేదు, వాటిని కలిపి నడిపించే మెదడే దెబ్బతింది అన్నాడు డాక్టరు. అప్పట్నుంచీ అన్నీ రెండేసి. రెండు గడియారాలు, రెండు సూదులు. బట్టలు కుట్టి బతికే మనిషికి ఏ సూదిలో దారం ఎక్కించాలో తెలియకపోతే ఇంకేం మిగులుతుంది? నీలం పూస ఒక్కటిగా కనిపించిన రోజున మళ్లీ మిషను ముందు కూర్చోవచ్చని కంటి వ్యాయామాలు నేర్పే మేడమ్ మాటిచ్చింది. ఆ మాట పట్టుకునే బతుకుతోంది.

మొదట్లో నవ్వులాటగానే ఉండేది. "ఒక్క అక్కతోనే వేగలేక చస్తుంటే, ఇప్పుడు ఇద్దరా!" అనేది చెల్లెలు.

దారం రెండో కొసని కిటికీ ఊచకి కట్టమంది మేడమ్. అక్క వింటేనా? "ఊచకేం తెలుస్తుంది నువ్వు చూస్తున్నావో లేదో? నేనే పట్టుకుంటా" అంది. చుట్టుపక్కలవాళ్లు అక్కని తెగ మెచ్చుకున్నారు. ఇద్దరూ కలిసి నడిపిన కుట్టు షాపు కూడా ఇప్పుడు అక్కే చూసుకుంటోంది. అంతకుముందు వచ్చినవాళ్లంతా చెల్లెలి చేతి కుట్టే కావాలనేవారు.

ఆ రోజు మబ్బు పట్టి గది మసకగా ఉంది. ఎక్కణ్ణుంచో తడిసిన సిమెంటు వాసన. చెల్లెలు నీలం పూస మీద చూపు నిలిపింది. రెండు పూసలు మెల్లగా దగ్గరవుతున్నాయి. వాటి వెనక ఇద్దరు అక్కలూ...

"దిక్కులు చూడకు. పూసనే చూడు," అంది అక్క.

ఇద్దరిలో ఒక్క అక్క పెదవులే కదిలాయి.

చెల్లెలు ఎడమ కన్ను మూసింది. అక్క. చేతిలో దారం. మామూలుగానే ఉంది. ఆ కన్ను తెరిచి కుడి కన్ను మూసింది. అక్క... చేతుల్లో దారం లేదు. రెండు అరచేతులూ ముందుకి చాచి ఉన్నాయి. ఎవరినో నెట్టబోతున్నట్టు.

వాన తడి ఆరని మెట్లు... వీపుకి ఆనిన రెండు అరచేతులు... నాలుగు నెలలుగా గుర్తురానిది ఇప్పుడు గుర్తొచ్చింది.

రెండు కళ్లూ తెరిచింది. "అక్కా..." అంది. "నేను పడ్డప్పుడు నువ్వెక్కడున్నావు?"

"వంటింట్లో. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

అప్పుడు రెండో అక్క పెదవులు కదిలాయి. గుసగుసగా.

"నీ వెనకాల."

ఏడుపు తన్నుకొచ్చింది. భయం కంటే బాధే ఎక్కువ. ఆసుపత్రిలో అన్నం కలిపి తినిపించినవీ ఆ చేతులే కదా! సొంత అక్క, ఇంత నమ్మించి గొంతు కోస్తుందా?

ఆ కన్నీళ్లలోనే పూసలు రెండూ ఒకటయ్యాయి. అక్కలిద్దరూ ఒక్కరయ్యారు.

"ఒక్కటే... ఒక్కటే కనిపిస్తోంది," అనేసింది తెలియకుండానే.

అక్క ముఖం పాలిపోయింది. అంతలోనే నవ్వింది. "ఉండు, మేడమ్‌కి ఫోన్ చేసి చెప్తా," అని దారం వదిలేసి వంటింట్లోకి వెళ్లింది.

లోపల్నుంచి మాటలు వినిపించాయి. "లేదండీ, ఏం మార్పు లేదు. ఇంకా రెండేసి కనిపిస్తున్నాయట, పాపం. ఇక కుట్టుపని సంగతి మర్చిపోవడమే మంచిదేమో..."

చెల్లెలు కదల్లేదు. ఎదురుగా నీలం పూస. ఒక్కటే... స్పష్టంగా. దాని వెనక ఖాళీ కుర్చీ.

దారం ఇంకా బిగువుగానే ఉంది, ఆ కొసని ఎవరో పట్టుకున్నట్టు.

తన చేతిలోని కొసని కూడా వదిలేసింది.

దారం కింద పడలేదు.