పక్కింటి చప్పుడు

గోడ దగ్గింది. ఒక్క క్షణం ఆగి గొంతు సవరించుకుంది. ఆ తర్వాత అవతల ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వంటగదివైపు వెళ్లినట్టు వినిపించింది.

నిజానికి అవతల ఎవరూ లేరు. ఆ ఫ్లాట్ ఖాళీ అయి ఏళ్లు గడిచాయి. అక్కడున్నదల్లా ప్రసూన గోడకి బిగించి వచ్చిన అరచేతంత బిళ్ల ఒక్కటే.

"ఎలా ఉంది?" అనడిగాడు ప్రొఫెసర్ కురమోచి, చెవి గోడకి ఆనించి.

"నడక బాగుంది సెన్సే. దగ్గే మరీ దగ్గరగా ఉంది. మనిషి గోడకి నోరు ఆనించి దగ్గినట్టుంది," అంది ప్రసూన. సెన్సే అంటే అక్కడ గురువుగారని.

ప్రసూనది ఒంగోలు. ధ్వనిశాస్త్రం చదవడానికి ఒసాకా వచ్చి, కురమోచి నడిపే లాబ్‌లోనే ఉద్యోగంలో కుదురుకుంది. వాళ్లు ప్రయోగం చేస్తున్న అపార్ట్‌మెంట్ కాలనీ ఒకప్పుడు ఫ్యాక్టరీ కార్మికుల కుటుంబాలతో కిటకిటలాడేది. ఇప్పుడు అంతస్తుకి ఒకరో ఇద్దరో ముసలివాళ్లు మిగిలారు. పొద్దుగూకితే బ్లాకుల్లో ఎక్కువ కిటికీలు చీకటిగానే ఉండిపోయేవి.

అలాంటి చోట్ల ముసలివాళ్లు జబ్బేమీ లేకుండానే క్షీణించిపోతున్నారని డాక్టర్లు గమనించారు. "మన చప్పుడు వినేవాళ్లు లేరనుకుంటే మనిషి గిన్నె కడగడం కూడా మానేస్తాడమ్మా," అనేవాడు కురమోచి. అందుకే ఈ యంత్రాన్ని కనిపెట్టాడు. దాని పేరు తొనారి. జపనీస్‌లో పక్కిల్లు అని అర్థం. మామూలు స్పీకర్ గాలిని కదుపుతుంది. ఇది గోడనే కదుపుతుంది. అందుకని చప్పుడు పెట్టెలోంచి వచ్చినట్టు ఉండదు, గోడ అవతలి సంసారంలోంచి వచ్చినట్టు ఉంటుంది. పైగా దానికి చెవులున్నాయి. ఇవతలి మనిషి కుళాయి తిప్పితే, కాసేపటికి అవతల గిన్నె చప్పుడవుతుంది. ఇవతల పడుకుంటే అవతలా సద్దుమణుగుతుంది.

ఆ గోడకి ఇవతల ఉండేది నోమురా-సాన్, అంటే నోమురాగారు. ఎనభై దాటిన మనిషి, గొడుగుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయింది. అది యంత్రమని ఆవిడకి ముందే చెప్పారు. ఎవరినీ మోసం చెయ్యకూడదని కురమోచి నియమం.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిడ స్టవ్ దగ్గరే నిలబడి, ప్యాకెట్లోని చల్లటి అన్నం తింటూ కనిపించింది ప్రసూనకి. యంత్రం పెట్టాక కొన్నాళ్లకి వెళ్తే ఇల్లంతా ముల్లంగి ఉడుకుతున్న వాసన.

"యంత్రమని తెలిసి కూడా వంట చెయ్యాలనిపించిందా?" అంది ప్రసూన నవ్వుతూ.

"తెలుసు. కానీ అవతల అది తినడానికి కూర్చుంటే, ఇక్కడ నాకు ఆకలేస్తోంది. ఏం చెయ్యను?" అంటూ నోమురా-సాన్ ఒక గిన్నె ఆమె ముందు పెట్టింది. "నువ్వూ చిక్కిపోయావు. తిను."

ఆ దేశంలో ప్రసూనని చిక్కిపోయావన్న మొదటి మనిషి ఆవిడే. అప్పటినుంచి పని ఉన్నా లేకపోయినా వారానికోసారి అటువైపు వెళ్లేది.

నోమురా-సాన్‌కి రెండోవైపు గోడ అవతల ఇవసాకి-సాన్ ఉండేవాడు. రైలు డ్రైవరుగా చేసి మానేసిన మనిషి. ఇంట్లో ఉన్నాడో లేడో తెలియనంత మెత్తగా తిరిగేవాడు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ మెట్ల దగ్గర తల వంచి పలకరించుకోవడమే తప్ప ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

ఒకసారి నోమురా-సాన్ బాత్‌రూంలో జారిపడి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆవిడ బట్టలు తీసుకెళ్దామని వచ్చిన ప్రసూనకి మెట్ల దగ్గర ఇవసాకి ఎదురయ్యాడు. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం మాసి ఉంది.

"ఒంట్లో బాగాలేదా?" అంది.

"బాగానే ఉంది," అని నేలవైపు చూస్తూ, "ఆవిడ కూరగాయలు తరిగే చప్పుడు ఆగిపోయింది. ఎప్పుడు తినాలో తెలియడంలేదు," అన్నాడు.

ఆ మాట ప్రసూన మనసులో ముల్లులా దిగింది. మర్నాడు కురమోచితో అంది, "ఖాళీ ఫ్లాట్లకే ఎందుకు సెన్సే? మనుషులున్న ఇళ్ల చప్పుళ్లు కూడా రికార్డు చేసి ఉంచుకుందాం. వాళ్లు ఊరెళ్లినా, ఆసుపత్రి పాలైనా, పక్కవాళ్లకి నిశ్శబ్దం రాకుండా తొనారి పూరిస్తుంది."

కురమోచి కుర్చీలోంచి లేచాడు. "నాకెందుకు తట్టలేదు ఇది!" అన్నాడు.

నోమురా-సాన్ ఇంటికొచ్చాక సంతోషంగా ఒప్పుకుంది. ఆవిడ కూరగాయలు తరగడం, నడవడం, దగ్గడం, బట్టలు మడతపెడుతూ కూనిరాగం తియ్యడం, అన్నీ ప్రసూనే కూర్చుని రికార్డు చేసింది. ఆవిడ ఇంట్లో ఇవసాకి వైపు గోడకి బిళ్ల బిగించింది కూడా ఆమే.

ఫలితాలు చూసి నగరపాలక సంస్థ ఆశ్చర్యపోయింది. తొనారి ఉన్న ఇళ్లలో ముసలివాళ్లు వేళకి తింటున్నారు, బాగా నిద్రపోతున్నారు. ఇక ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టే కార్యకర్తలు దేనికని వాళ్లని తీసేశారు. వేరే నగరాలు కూడా అడగడంతో ప్రసూనని చలికాలమంతా నగోయాకి పంపారు. అక్కడ కొత్త గోడలు, కొత్త దగ్గులు. నోమురా-సాన్‌కి ఫోన్ చెయ్యాలని రోజూ అనుకునేది. ఆవిడ ఫోనెత్తే మనిషి కాదు. పోనీలే, వెళ్లి కలుద్దామని ఊరుకునేది.

చలి తగ్గాక ఒక మధ్యాహ్నం తిరిగొచ్చి ఆవిడ తలుపు తట్టింది. లోపల కత్తి చప్పుడు వినిపిస్తోంది. టక టక టక, మధ్యలో చిన్న విరామం. వంటలో ఉందనుకుని నిలబడింది. మళ్లీ తట్టింది.

"నోమురా-సాన్! నేను, ప్రసూనని!"

లోపల దగ్గు. కానీ తలుపు దగ్గరికి ఎవరూ రాలేదు. మళ్లీ కత్తి. మళ్లీ దగ్గు. రెండుసార్లు పొడిగా, చివర చిన్న మూలుగు. ఆ మూలుగు ప్రసూనకి తెలుసు. మైకు పెట్టి తను రికార్డు చేసిన రోజు, నోమురా-సాన్ నవ్వు ఆపుకోలేక మూలిగిన మూలుగది.

ఆమె మెట్లు దిగి పరుగెత్తింది.

వాచ్‌మన్ వచ్చి తలుపు తెరిచాడు. ఆవిడ కిటికీ పక్కన పరుపుమీద ఉంది. పోయి చాలా వారాలైందని పోలీసుల వెంట వచ్చిన డాక్టరు చెప్పాడు. అన్ని వారాలూ గోడ ఆవిడ కూరగాయలు తరుగుతూనే ఉంది.

అందరూ వెళ్లిపోయాక ప్రసూన ఇవసాకి తలుపు తట్టింది. ఎలా చెప్పాలో తెలియక తడబడుతుంటే ఆయనే అన్నాడు.

"నాకు తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటిరోజునుంచే. చలి ముదిరితే ఆవిడ మోకాలి నొప్పికి కుంటుతుంది. ముందురోజు దాకా కుంటింది, ఆ రోజునుంచి కుంటలేదు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?" ఆమె గొంతు పెరిగింది. "ఆవిడ అక్కడ అలా..."

ఇవసాకి తల వంచాడు. చాలా కిందికి, క్షమాపణ అడిగేటప్పుడు వంచినట్టు. "చెబితే ఆపేస్తారుగా," అన్నాడు.

ఆమెకి ఆయనమీద కోపం రాలేదు. రావడానికి చోటు లేదు.

ఆ పూరింపు ఆపెయ్యమని, కనీసం మనిషి కదలిక ఆగితే కబురందేలా మార్చమని ఆమె కురమోచిని బతిమాలింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నగరపాలక సంస్థకి స్వయంగా వెళ్లి జరిగింది చెప్పాడు. అక్కడివాళ్లు జాలిపడ్డారు, మౌనం పాటించారు. తర్వాత ఒకే ప్రశ్న అడిగారు, పక్కింటాయన ఆరోగ్యం ఎలా ఉందని. బాగుందని చెప్పక తప్పలేదు. ఆ నెలలోనే పూరింపును నగరమంతటికీ మంజూరు చేశారు. కబురందించే ఏర్పాటు ఖర్చుతో కూడిన పని, తర్వాత చూద్దామన్నారు.

ప్రసూన ఉద్యోగం మానేద్దామనుకుంది. మానేస్తే ఆ గోడలన్నీ ఎవరు చూసుకుంటారో తెలియక మానలేకపోయింది. ఒక ఆదివారం అన్నం, పప్పుచారు, బంగాళాదుంప వేపుడు డబ్బాల్లో పెట్టుకుని ఇవసాకి ఇంటికి వెళ్లింది.

ఆయన మర్యాదగా లోపలికి పిలిచాడు. నోమురా-సాన్ గోడవైపే బల్ల వేసుకుని ఉన్నాడు. ఇద్దరూ తిన్నారు. కారం ఎక్కువైనా ఆయన అంతా తిన్నాడు. ప్రసూన ఒంగోలు దగ్గరి సముద్రం గురించి, చేపల వేలం గురించి చెప్పింది. ఆయన తలూపుతూ విన్నాడు.

"ఇకనుంచి ప్రతి ఆదివారం వస్తాను. మీకు అభ్యంతరం లేకపోతే," అంది.

ఇవసాకి చాప్‌స్టిక్స్ నెమ్మదిగా కింద పెట్టాడు. ఆమె మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలా అని వెతుక్కుంటున్నట్టు కనిపించాడు.

"మీరు చాలా మంచివారు. వంట కూడా బాగుంది. కానీ దయచేసి రావద్దు," అన్నాడు. "మీరు మాట్లాడుతుంటే నాకు ఆవిడ వినపడటంలేదు."