పిన్ని ఎక్కితే ఆరిపోయే ఎర్ర లైటు

హలో, అందరికీ వినబడుతోందా? భోజనాలయ్యాయా? అయితే కాసేపు నాతో ఉండండి. ఓ పాత కారు కేసు చెప్తాను.

ఉదయం పది. పోలీస్ స్టేషన్.

టేబుల్ మీద కారు తాళం ఠక్కున పడింది. పెట్టింది పిన్ని. ఆసుపత్రి నర్సుల్ని డ్యూటీకి దింపే డ్రైవరు. నర్సులంతా ఆమెను అలాగే పిలుస్తారు.

"నా కారుని ఎవరో పాడుచేస్తున్నారమ్మా. కంప్లైంట్ రాసుకోండి."

"ఏం పాడైంది?" ఎస్సై అడిగింది.

"ఎయిర్‌బ్యాగ్ లైటు. తాళం తిప్పగానే వెలిగి ఆరిపోవాలి, ఆరకపోతే బ్యాగు చెడినట్టే. నేనెక్కితే ఆరిపోతుంది. వేరేవాళ్ళెక్కితే వెలుగుతూనే ఉంటుంది. నిన్న ఫిట్‌నెస్ టెస్టులో ఫెయిల్ చేశారు. ఈ సాయంత్రం పాసవకపోతే ఆసుపత్రివాళ్ళు నన్ను మానేయమంటారు."

కానిస్టేబుల్ నవ్వాపుకున్నాడు.

"నవ్వు నాయనా. మెకానిక్ నీకంటే ముందే నవ్వాడు."

ఎస్సై టోపీ తీసుకుంది. "పదండి, చూద్దాం."

మెకానిక్ షెడ్డు. కారు చుట్టూ ముగ్గురు అనుమానితులు. మెకానిక్. పిన్ని మరిది. సీటు కవర్లు కుట్టే టైలరు.

"ఏంటి ప్రాబ్లం?"

"బ్యాగుని నడిపే మాడ్యూల్ పోయింది మేడమ్," అన్నాడు మెకానిక్. "ముసలి బండి. తుక్కుకి ఇచ్చేయడమే."

"లోపాలు చదివే స్కానర్ ఏమంది?"

"డ్రైవర్ సీటు సర్క్యూట్ అంది. పాతబళ్ళు ఏదో ఒకటి అంటూనే ఉంటాయి."

"నేనూ అదే మొత్తుకుంటున్నా వదినా. అమ్మేయ్," అన్నాడు మరిది.

"అమ్మితే నీకు బైకు, నాకు బస్సు. అంతేగా?"

ఎస్సై టైలర్ వైపు తిరిగింది. "ఈమధ్య సీటు విప్పావా?"

"కవర్లు వేయడానికి విప్పా. మళ్ళీ బిగించా. లైటుతో నాకేం పని మేడమ్?"

"ఒక్కొక్కరూ కూర్చోండి."

పొడుగు మెకానిక్ ఎక్కాడు. కర్‌ర్‌ మని చప్పుడు. తాళం తిప్పాడు. ఎర్ర లైటు వెలిగింది, ఆరలేదు.

అంతకంటే పొడుగు మరిది ఎక్కాడు. మళ్ళీ కర్‌ర్‌. లైటు ఆరలేదు.

పొట్టి పిన్ని ఎక్కింది. కర్‌ర్‌. లైటు వెలిగింది. కాసేపటికి ఆరిపోయింది.

"చూశారా? నేను అబద్ధం ఆడలేదు."

"మీరందరూ లైటు చూశారు," ఎస్సై అంది. "నేను చప్పుడు విన్నాను. ఎక్కగానే అందరూ చేసిన మొదటి పనేంటి?"

ఎస్సై వంగి సీటు కింది పట్టా మీద తట్టింది.

"సీటు జరుపుకున్నారు. మీరు వెనక్కి, పిన్ని ముందుకి."

ఆమె టార్చి వెలుగు సీటు కింద పడింది. సీటులోని బ్యాగుకి వెళ్ళే వైరుని కలిపే పసుపు కనెక్టర్. దాన్ని పట్టి ఉంచాల్సిన క్లిప్పు లేదు. ఎస్సై సీటు వెనక్కి జరపగానే వైరు బిగుసుకుంది, కనెక్టర్ సగం ఊడింది.

"క్లిప్పు ఏది?"

టైలర్ జేబు తడుముకున్నాడు. "డబ్బాలో పడేశా మేడమ్. మిగిలిపోయిన ముక్క అనుకున్నా."

మరిది చిటికె వేశాడు. "ఇంకేం! టెస్టువాడు ఎక్కేముందు సీటు ముందుకి లాగి లాక్ చేసేద్దాం. పాస్."

పిన్ని తాళం పీకి గుప్పిట్లో బిగించింది.

"సగం ఊడిన వైరుతో గుద్దితే ఆ బ్యాగు తెరుచుకుంటుందా? దొంగపాస్ నాకొద్దు. టైలర్ బాబూ, డబ్బా తే. మెకానిక్, బ్యాగు పేలకుండా ముందు బ్యాటరీ తీగ విప్పు. ఈ బండి తుక్కుకి వెళ్ళదు. నేనూ వెళ్ళను."

క్లిప్పు మళ్ళీ బిగించారు. సాయంత్రం టెస్టు ఆఫీసరు ఎక్కాడు. మరిదికంటే పొడుగు. సీటు చివరిదాకా వెనక్కి నెట్టాడు.

కర్‌ర్‌.

లైటు వెలిగింది. పిన్ని రెప్పవేయలేదు.

ఆరిపోయింది.

ఇదండీ కేసు. పాతకారు ఉన్నవాళ్ళు మీకు తెలిస్తే, తుక్కుకి వేసేలోపు ఈ కథ వాళ్ళ ఫోన్లో పడేయండి.