తొమ్మిదో గదిలో తెల్ల దుప్పటి

సెసె దీవుల్లో సరస్సు ఒడ్డునున్న ఆ హోటల్లో తొమ్మిదో గదికి మంచి పేరు లేదు. తలలేని తెల్లటి ఆకారం ఒకటి రాత్రిళ్లు గోడ పట్టుకుని నడుస్తుందని అంటారు. పడవ మునిగి పోయినావిడెవరో ఇంకా ఒడ్డు వెతుక్కుంటోందట. లుబ్వామా అనే ఆయన దిగింది ఆ గదిలోనే. జరిగింది అతను ఎవరికీ చెప్పడు. భార్య నస్సివా చెప్పబట్టి తెలిసింది.

ఫోన్లో అతను అడిగింది రెండు గదులు. ఒకటి తమకూ పిల్లకూ, రెండోది అత్తగారికి. నస్సివా పురిట్లో మంచాన పడితే ఆరు నెలలు పసిదాన్ని పెంచింది ఆవిడే. సరస్సును చూస్తూ ఒక్కసారైనా నిద్ర లేవాలని ఆవిడ కోరిక. తీరా వస్తే ఇచ్చింది ఒక్క గది! మూడు మంచాలు, ఒక బాత్రూమ్, దానికి అద్దం తలుపు.

"ఫ్యామిలీ రూమ్ కదండీ, కుటుంబమంతా ఒకటేగా," అన్నాడు గుమాస్తా.

"కుటుంబమేనయ్యా. కానీ ఆవిడ మా అత్తగారు."

గుమాస్తా నాలుక కరుచుకున్నాడు. అతనూ వీళ్లలాగే గాండా తెగ మనిషే. ఆ తెగలో అల్లుడు అత్తగారి ముఖం చూడకూడదు, చెయ్యి తగలనివ్వకూడదు, ఒకే గదిలో పడుకోవడం మరీ తప్పు. అది తప్పితే చేతులు వణికే జబ్బు పట్టుకుంటుందని నమ్మకం. కానీ వేరే గది లేదు. పడవ తెల్లారితే గాని రాదు.

"రాత్రి ఏదైనా కదిలితే పట్టించుకోకండి..." గొంతు తగ్గించి చెప్పి జారుకున్నాడు.

నస్సివా తన తల్లి మంచం చుట్టూ తెల్ల దుప్పట్లు కట్టింది. లుబ్వామా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ చిన్నబుచ్చుకుని పొద్దున్నే పడవెక్కితే తను ఇక అత్తారింటి గడప తొక్కలేడు. ఆ దిగులుతో నిద్ర పట్టలేదు.

కరెంటు పోయింది. తర్వాత...

సర్... సర్...

ఎవరో పాదాలు ఈడ్చుకుంటున్నట్టు. మెల్లగా తల తిప్పాడు. తెల్లగా, నిలువుగా — తల లేకుండా — గోడ వెంబడి వస్తోంది. నస్సివాను తట్టాడు. లేవలేదు.

అది అతని మంచం ఎదురుగా ఆగింది.

టార్చి వేశాడు. రెండో చేత్తో చెప్పు తీసి విసిరాడు. తగిలింది.

అది అరవలేదు. అతనికి వీపు చూపిస్తూ మోకాళ్ల మీదికి దిగింది — గాండా ఆడవాళ్లు మర్యాదగా మోకరిల్లినట్టు.

"అమ్మాయ్..." ముఖం కనపడకుండా నెత్తి మీంచి కప్పుకున్న దుప్పటి లోపలి నుంచి అత్తగారి సన్నని గొంతు. "టార్చి ఆర్పమని మీ ఆయనకు చెప్పవే. సాయంత్రం నుంచి ఆపుకుంటున్నాను. బాత్రూమ్‌కి పోవాలి."

లుబ్వామా టార్చి ఆర్పేశాడు. భూమి చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. తన మంచం ముందే అద్దం తలుపున్నందుకు ఆవిడ రాత్రి చుక్క నీళ్లు కూడా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది. పెద్దావిడను చెప్పు పెట్టి కొట్టాడు! దుప్పటి భుజాన వేసుకుని వరండాలోకి పోయాడు.

తెల్లారి నస్సివా టీ పట్టుకొచ్చింది.

"అమ్మ సంచి సర్దేసిందండీ. తర్వాత కిటికీలోంచి మిమ్మల్ని చూసి మళ్లీ విప్పేసింది. గదిలో మీరు లేకపోతే ఉంటుందట."

"ఎన్నాళ్లు?"

"ఇంకా రెండు రాత్రులేగా," అని నస్సివా నవ్వు ఆపుకుంటూ పెదవి కొరుక్కుంది.

ఆ రాత్రి వరండాలో దోమలకు తట్టుకోలేక అతను తల నుంచి కాళ్ల దాకా దుప్పటి చుట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సరస్సు వైపు నుంచి ఓ కొత్త జంట వస్తోంది. వాళ్ల అడుగులు ఠక్కున ఆగాయి.

"తొమ్మిదో గది... చూడు... తల లేదు..." అంది ఆ అమ్మాయి మొగుడి వెనక్కి నక్కుతూ.

ముసుగు తీస్తే బయటెందుకున్నావంటారు. చెప్పాలంటే ఆ చెప్పు సంగతీ చెప్పాలి. లోపల అత్తగారు కిటికీ వైపు తిరిగి హాయిగా గురక పెడుతోంది.

లుబ్వామా దుప్పటి ఇంకాస్త ముందుకు లాక్కుని, గోడ పట్టుకుని మెల్లగా నడిచాడు.