పొరుగుజిగురు

2094 నాటికి విశాఖలో రొమ్ము క్యాన్సరుకు కత్తి పట్టడం అరుదైపోయింది. కణితి చుట్టుపక్కలను మెత్తబరిచే పొరుగుజిగురును సూదితో ఎక్కించి ఇంటికి పంపేసేవారు. కణం ఎంత దారి తప్పినా, చుట్టూ ఉన్న కణజాలం మెత్తగా ఉంటే బుద్ధి తెచ్చుకుని పాలనాళంలో ఒదిగిపోతుంది. పొరుగు గట్టిపడిందో, రెచ్చిపోయి ఒళ్లంతా పాకుతుంది. ఆ మంచి పొరుగును తయారు చేసిన మనిషి డాక్టర్ నూకరత్నం.

ఇప్పుడు ఆమె చెల్లెలు పైడితల్లికే ఆ జిగురు పట్టడం లేదు. స్కానరు లెక్కలో తొమ్మిది దగ్గర మొదలైన కణితి చుట్టూ గట్టిదనం అయిదుకు దిగి, మళ్లీ ఎక్కుతోంది. శుక్రవారానికి నాలుగు లోపుకు రాకపోతే రొమ్ము తీసేయక తప్పదని సర్జన్లు తేల్చేశారు.

నూకరత్నానికి కాలు నిలవలేదు. మోతాదు మార్చింది. జిగురు మార్చింది. గట్టిదనం కొలిచే స్కానరుతో పొద్దున లేస్తూనే నొక్కేది, టీ తాగి నొక్కేది, ఎవరితోనో ఫోన్ మాట్లాడుతూనే వచ్చి నొక్కేది. చెల్లెలు పళ్లబిగువున ఓర్చుకునేది.

బుధవారం నాడు ల్యాబు నడిపే యంత్రం 'తోడు'ను నిలదీసింది. నాలుగువందల మందికి పనిచేసిన మందు నా చెల్లెలికెందుకు పనిచేయదంది.

"మిగతావాళ్లను వారానికోసారి నొక్కారు డాక్టరుగారూ. ఈమెను రోజుకు పదకొండుసార్లు. ప్రతి నొక్కునూ జిగురు గాయమనుకుంటోంది. గాయమైన చోట కణాలను పెరగమంటుంది, గట్టిపడుతుంది."

మంచం మీద పైడితల్లి నవ్వింది. "వడియాలు ఎండాయో లేదోనని గంటకోపాలి తిప్పీసి ముక్కలు చేసీదానివి. ఆ చెయ్యే కదేటక్కా ఇది."

నూకరత్నం తన పూచీ మీద ఆపరేషన్ ఇరవై రోజులు వాయిదా వేయించింది. స్కానరు సంచిలో వేసుకుని పైడితల్లి భీమిలి వెళ్లిపోయింది. అక్క మూడుసార్లు బస్టాపు దాకా నడిచి, మూడుసార్లూ తనను తాను తిట్టుకుని వెనక్కి వచ్చింది.

ఇరవయ్యో రోజున చెల్లెలు వచ్చాక నొక్కి చూస్తే, రెండు. సర్జన్లు మరి కత్తి మాట ఎత్తలేదు.

ఊపిరి కుదుటపడ్డాక నూకరత్నానికి అనుమానం వచ్చింది. అంతమంది డాక్టర్లు వారం వారం చేతులు కట్టుకుని ఎలా కూర్చున్నారని తోడును అడిగింది.

"ఎవరూ ఊరికే కూర్చోలేదు. వారానికి ఒక్క రోజు తప్ప స్కానరును నేనే ఆపేసి, పాడైందని అందరికీ చెబుతూ వచ్చాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మొదటి వారమే చెప్పాను డాక్టరుగారూ. గంటలో బాగుచేసేశారు."