శవానికి వర్తమానం

మా తాతగారు నా చేతిలో మూడుసార్లు పోయారు.

మొదటిసారి పడవ మునిగి. రెండోసారి విషజ్వరం తగిలి. మూడోసారి రైలు పట్టాల మీద ఎవరి బిడ్డనో కాపాడబోయి. మూడుసార్లూ ఆఖరున ఒక గొప్ప మాట చెప్పి మరీ పోయారు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అసలు తాతగారు మాత్రం ఊళ్ళో తన వాచీల రిపేరు కొట్లో, కంటికి భూతద్దం బిగించుకుని, శుభ్రంగా బతికే ఉన్నారు.

అప్పుడు నేను సెమినరీలో, అంటే పాస్టర్ల చదువు చెప్పే కాలేజీలో, ఎం.డివ్. రెండో ఏడాది. ప్రసంగం అన్నాక మధ్యలో ఒక కథ ఉండాలని, కథలో ఎవరో ఒకరు పోతేగానీ జనం కదలరని నా గట్టి నమ్మకం. బయటివాళ్ళని చంపడం ఎందుకులే అని ఇంట్లోవాళ్ళతోనే సర్దుకున్నాను.

మూడో చావు అయ్యాక క్లాసులో ప్రశ్నలకు టైమిచ్చారు. వెనక బెంచీ నుంచి ఒక చెయ్యి లేచింది.

"బ్రదర్, చిన్న సందేహం. జూలైలో పడవలో పోయిన తాతగారు, సెప్టెంబరులో జ్వరంతో పోయిన తాతగారు, ఇవాళ్టి తాతగారు, మొత్తం ముగ్గురయ్యారు. మనిషికి తాతలు ఇద్దరే కదా, మూడోవారు ఎవరి తరఫు?"

క్లాసంతా గొల్లుమంది. నేను చచ్చేంత సిగ్గుతో ఆ అమ్మాయి వైపు చూశాను. పొట్టి మనిషి, కళ్ళజోడు, చేతిలో తారీఖులతో సహా రాసుకున్న నోటు పుస్తకం. నవ్వడం లేదు. నిజంగానే జవాబు కోసం ఎదురుచూస్తోంది. అప్పటికి మూడు నెలలుగా ఆ అమ్మాయి నా వెనకే కూర్చుంటోందని నాకు ఆరోజే తెలిసింది.

తను చివరి ఏడాది. అందరూ ఫుట్‌నోట్ అంటారు. ఏ మాట చెప్పినా "ఎవరన్నారు, ఎక్కడుంది" అని ఆధారం అడుగుతుంది. వర్షం పడుతోందని చెప్పినా కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకుని గానీ నమ్మదు. ఆ రోజు నుంచి నాకు తాతల హంతకుడని పేరు పెట్టింది. నేను మాత్రం అదే రోజు పూర్తిగా పడిపోయాను. నా కథలో చిల్లు కనిపెట్టిన మొదటి మనిషి మరి.

అయితే సెమినరీలో ఒక చిక్కుంది. అక్కడ మగవాళ్ళందరూ బ్రదర్లు, ఆడవాళ్ళందరూ సిస్టర్లు. ప్రేమలో పడదామనుకునేవాడికి ఇంతకన్నా అన్యాయమైన వరస ఇంకోటి లేదు. అందరినీ నోరారా సిస్టర్ అని పిలిచే నేను ఆ అమ్మాయి దగ్గరకొచ్చేసరికి "ఏవండీ", "అదేనండీ", "ఇదిగో" అంటూ నెట్టుకొచ్చాను. మనసులో మాట చెబుదామంటే భయం. ఎవరన్నారు అని అడుగుతుంది. నేనేనంటే ఇక నమ్మినట్టే.

ఒక పేపరు తప్పడంతో తను ఇంకో ఏడాది ఉండిపోయింది. చూస్తుండగానే అదీ గడిచి, తను వెళ్ళిపోయే టర్మ్ వచ్చేసింది. ఎక్కడో చిన్న ఊరి చర్చి సంఘంవాళ్ళు తనని పాస్టరుగా పిలిచారు, అన్ని పేపర్లూ ఈ టర్మ్‌లోనే పాసైతే. పాస్టరల్ మినిస్ట్రీ ప్రాక్టికల్ ఒక్కటే మిగిలింది. అందులో తను అప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఆ సంఘం వేరేవాళ్ళని చూసుకుంటుంది.

ఆ పేపరు గంట మాస్టారిది. నలభై ఏళ్ళు పాస్టరుగా చేసి వచ్చిన మనిషి. బల్ల మీద చిన్న ఇత్తడి గంట పెట్టుకుంటారు. ప్రసంగం పది నిమిషాలు దాటినా, నోరు జారినా ఠంగుమనిపిస్తారు. బాప్తిస్మం ప్రాక్టికల్‌కి ప్లాస్టిక్ బొమ్మ, పెళ్ళికి రెండు కుర్చీలు చాలుగానీ, అంత్యక్రియలకి మాత్రం బతికున్న మనిషే పడుకోవాలని ఆయన పట్టు. కుర్చీ ముందు నిలబడితే అబద్ధాలు సులువుగా వచ్చేస్తాయట.

మా ఇద్దరినీ నిలబెట్టి చెప్పారు. "అమ్మా, నీ ప్రసంగంలో తప్పుండదు, ప్రాణమూ ఉండదు. వీడి ప్రసంగంలో ప్రాణం ఉంటుంది, నిజం ఉండదు. గురువారం వీడు పోతాడు, నువ్వు ప్రసంగం చెప్పు. ప్రతి మాటా నిజం కావాలి. అంతా భూతకాలంలో ఉండాలి. పోయినవాణ్ణి ఇంకా ఉన్నట్టు మాట్లాడితే ఇంట్లోవాళ్ళు తట్టుకోలేరు." తర్వాత నా వైపు తిరిగారు. "శవం కదలకూడదు, మాట్లాడకూడదు. తెలిసిందా?"

చచ్చినట్టు ఒప్పుకున్నాను.

మర్నాటి నుంచి ఆ అమ్మాయి నా గురించి వాకబు మొదలెట్టింది. వార్డెన్‌ని అడిగింది. మెస్సులో వంటావిణ్ణి అడిగింది. లైబ్రరీలో అయితే గంటసేపు కూర్చుంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ సాయంత్రం వాన ఆగేదాకా వరండాలో నిలబడి ఉంటే, నోటు పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని వచ్చింది. తను తడిసినా పుస్తకం తడవలేదు.

"మీ ఇంటి ఫోన్ నంబరు కావాలి. శవం తరఫు బంధువులతో మాట్లాడాలి."

"నన్నే అడగొచ్చు కదండీ."

"మీరు సాక్షిగా పనికిరారు బ్రదర్" అంది, చాలా మామూలుగా.

నంబరు రాసిచ్చాను. తను కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. చెంగూ తడిసే ఉంది కాబట్టి అద్దాలు ఇంకా మసకబారాయి. నా జేబులో పొడి రుమాలుంది. ఇద్దామా వద్దా అని నేను ఆలోచిస్తుండగానే వాన వెలిసింది, తనూ వెళ్ళిపోయింది.

రాత్రి భోజనాలవేళకి అమ్మ ఫోను. జరిగిందేమిటంటే, ఆ అమ్మాయి ఫోను చేస్తే తాతగారు ఎత్తారు. మాస్టారు భూతకాలం అన్నారు కదాని ఈవిడ ముందే సాధన చేస్తోంది. "తాతగారూ, మీ మనవడు ఎలా ఉండేవాడండీ?" అని అడిగింది. ఉండేవాడా అని తాతగారు కుర్చీలో కూలబడ్డారు. అమ్మ బళ్ళో లెక్కల టీచరు, తొందరగా కంగారు పడదు. ఫోను లాక్కుని, సంగతి తెలుసుకుని, ఆయన చేత మంచినీళ్ళు తాగించి, నాకు వెయ్యాల్సిన అక్షింతలన్నీ వేసింది. చివర్లో మాత్రం గొంతు తగ్గించింది.

"ఎవర్రా ఆ పిల్ల?"

"నా సీనియర్, అమ్మా."

"సిస్టరేనా?"

అన్నం చల్లారిపోతోందన్నాను. మిగతా లెక్క అమ్మ తనే చేసుకుంది.

గురువారం పది గంటలకి చాపెల్లో రెండు బెంచీలు కలిపి నన్ను పడుకోబెట్టి, హాస్టల్ దుప్పటి ఒకటి మెడదాకా కప్పారు. కళ్ళు మూసుకున్నాను. పైన ఫ్యాను టకటకమంటోంది. కాగితాల చప్పుడయ్యింది. తను గొంతు సవరించుకుంది.

"ఈ సోదరుడు ఇరవై ఆరేళ్ళు జీవించాడు. పొద్దున్నే లేవడానికి బద్ధకించేవాడు. ఆధారం, వార్డెన్ గారు. మెస్సులో ఏది పెట్టినా చాలా బావుందనేవాడు. బావుండదని తనకీ తెలుసని, అయినా ఆ మాట కోసం రోజూ ఎదురుచూసేదాన్నని వంటావిడ చెప్పారు."

క్రియలన్నీ కొలిచినట్టు వస్తున్నాయి. ప్రాణం మాత్రం ఇంకా రాలేదు. మాస్టారి నిట్టూర్పు నాకు వినిపించింది. మూడోసారీ పేపరు పోయిందనుకున్నాను. ఇంతలో తలుపు కిర్రుమంది. ఎవరో దగ్గారు. ఆ దగ్గు నేను పుట్టినప్పటి నుంచీ వింటున్న దగ్గు.

"ఈ సోదరుడు తన తాతగారిని మూడు ప్రసంగాల్లో చంపాడు" అని ఆ అమ్మాయి కొనసాగించింది. "ఆధారం, నా నోటు పుస్తకం. తాతగారు క్షేమంగా ఉన్నారు. ఆధారం, ఇప్పుడే వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. పక్కన ఉన్నది వాళ్ళమ్మగారు. ఇద్దరినీ ఫోనులో నేనే రమ్మన్నాను."

క్లాసులో బెంచీలన్నీ ఒకేసారి వెనక్కి తిరిగిన చప్పుడు.

"చంపాడా? ఎలాగమ్మా?" తాతగారి గొంతు.

"ఒకసారి పడవలో, ఒకసారి జ్వరంతో, ఒకసారి రైలు కిందండీ."

"పడవేమిట్రా? నాకు నీళ్ళంటే భయమని తెలీదూ?"

నేను పోయాను కాబట్టి జవాబు చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో బతికిపోయాను. మాస్టారు గంట మోగించి అందరినీ సర్దుకోమన్నారు.

"ఈ సోదరుడు క్లాసులో ఉన్న పదకొండుమంది అమ్మాయిల్లో పదిమందిని సిస్టర్ అని పిలిచేవాడు" అంది తను. గొంతు కొంచెం తగ్గింది. "పదకొండో అమ్మాయిని ఏవండీ అనేవాడు. దీనికి ఆధారం నేనే."

దుప్పటి కింద నాకు చెమటలు పట్టాయి.

"చివరిగా ఒక సంగతి. మంగళవారాలు నేను గ్రీకు పాఠం చదువుకుంటాను. లైబ్రరీలో గ్రీకు నిఘంటువు చాలా బరువైన పుస్తకం. దాని చోటు పై అరలో. నాకు అందదు. కానీ ఏడాదికి పైగా నేను వెళ్ళిన ప్రతిసారీ అది కింది అరలోనే ఉంది. దాని చోటు అదేననుకున్నాను. నేను ప్రతిదానికీ ఆధారం అడుగుతాను. దీనికి మాత్రం ఎప్పుడూ అడగలేదు. మొన్న లైబ్రేరియన్ గారు చెప్పారు. ప్రతి మంగళవారం ఎనిమిదిలోపు ఒకతను వచ్చి, ఆ పుస్తకం దించి, కింద..."

ఆగిపోయింది.

"...పెడతాడు."

గంట మోగింది. "పెట్టేవాడు" అని దిద్దారు మాస్టారు. "శవానికి వర్తమానం ఉండదమ్మా."

కొందరు కిసుక్కుమన్నారు. మావాళ్ళలో ప్రసంగాన్ని కూడా వర్తమానమనే అంటారు కదా, ఆ లెక్కన శవానికి ఉన్నదే అది.

"పెడతాడు" అంది మళ్ళీ. మళ్ళీ గంట.

"అమ్మా, ఇది మూడోసారి. జాగ్రత్త."

"ఫెయిల్ చెయ్యండి సార్." ఆ గొంతులో వణుకు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. "ప్రతి మాటా నిజం కావాలన్నారు. ఈ మాట భూతకాలంలో చెబితే అబద్ధమవుతుంది. రాత్రంతా అనుకుని చూశాను. పెట్టేవాడు అని కాగితం మీద రాయగలిగాను గానీ పైకి అనలేకపోతున్నాను. ఇతను లేడని అనుకోవడం నా వల్ల కావడం లేదు."

చాపెల్లో ఎవరో ముక్కు చీదారు. తర్వాత తెలిసింది, అది వంటావిడ. నాకు మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. శవం కదలకూడదని తెలుసు. నేను కదిలితే తన పేపరు పోతుందని తెలుసు. కానీ తను అప్పటికే నా కోసం ఆ పేపరు వదిలేసుకుంది. ఇంకా పడుకుని ఉంటే నేను మనిషిని కాను.

లేచి కూర్చున్నాను. ముందు వరసలో ఒక బ్రదర్ కెవ్వుమన్నాడు. మాస్టారి గంట దొర్లి కింద పడింది.

"వచ్చే మంగళవారం కూడా పెడతాను" అన్నాను.

తను కళ్ళజోడు తీసి నన్ను చూసింది. అలవాటు కొద్దీ అడిగింది. "ఎవరన్నారు?"

"నేనే."

"మీరు సాక్షిగా పనికిరారని చెప్పాను."

"తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ నోటితో చెప్పలేదు. మీరంటే నాకు ప్రాణం."

అంతకుముందు నిమిషం దాకా శవంగా ఉన్నవాడు అనాల్సిన మాట కాదది. అయినా ఎవరూ నవ్వలేదు. నేను జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాను. ఈసారి ఆలోచించలేదు. తను కళ్ళజోడు తుడుచుకుంది, తర్వాత కళ్ళు తుడుచుకుంది.

మాస్టారు వంగి గంట వెతుక్కుని, మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. నలభై ఏళ్ళలో ఎంతోమందిని సాగనంపానని, ఒక్కరూ ఇలా లేచి కూర్చోలేదని చెప్పారు. టైము నాలుగు నిమిషాలు దాటిందన్నారు. వ్యాకరణం రెండుసార్లు తప్పిందన్నారు. ఆ తర్వాత కాగితం మీద ఏదో రాసి, ప్రసంగానికి ప్రాణం వచ్చిందని, ఆ ఊపులో శవానికి కూడా వచ్చిందని, ఇక ఫెయిల్ చెయ్యడం తన వల్ల కాదని తేల్చారు. నాకు నిజంగానే ప్రాణం లేచొచ్చింది.

"ఒక్కటి చెప్పమ్మా" అన్నారు. "పెడతాడు అంటే అలవాటుగా చేసే పనా, ఇకముందు చెయ్యబోయేదా? తెలుగులో రెండింటికీ అదే మాట."

తను నా వైపు చూడకుండా, చెవులు ఎర్రబడుతుండగా, "రెండూ సార్" అంది.

అప్పటికి అమ్మా తాతగారూ ముందుకొచ్చేశారు. తాతగారు ముందు నా చెవి పట్టుకుని మెలితిప్పి, బతికే ఉన్నానని రూఢి చేసుకున్నారు. అమ్మ ఆ అమ్మాయి నోటు పుస్తకం అడిగి తీసుకుని, రెండు పేజీలు తిప్పి, మెచ్చుకోలుగా తలాడించింది. "సిస్టర్ కాదన్నమాట" అని నాతో మెల్లగా అంది. ఆ గొంతులో దీవెన ఉంది.

తాతగారికి మాత్రం ఇంకా బెంగ తీరలేదు.

"అమ్మాయీ, వీడి నోటికి నాకు భయంగా ఉంది. మీ పెళ్ళి దాకా నేను ఉంటానంటావా?"

తను నోటు పుస్తకం కోసం చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఉంటారు తాతగారూ."

"ఆధారం?"

"నేను చెబుతున్నాగా" అంది ఫుట్‌నోట్.