తొంభై లోపలైతేనే పిల్ల

కర్నూలు షేర్ ఆటోలో వెనక సీటుకు నలుగురు పడతారు. ప్రదీప్‌కుమార్ ఎక్కితే ముగ్గురే పడతారు. అందుకే డ్రైవర్లు అతణ్ణి దూరం నుంచే గుర్తుపట్టి, చూడనట్టు వెళ్లిపోతుంటారు.

ఆ రోజు మాత్రం కొత్త బస్టాండు దగ్గర వాన పట్టుకుంది. కర్నూల్లో వాన చుట్టపుచూపుగా వస్తుంది. వచ్చినప్పుడల్లా జనం దాన్ని పుట్టాక ఎప్పుడూ చూడనట్టు పరిగెత్తుతారు. ఆ తోపులాటలో ఎవరెక్కుతున్నారో డ్రైవరు చూసుకోలేదు. ప్రదీప్‌కుమార్ ఎక్కి కూర్చున్నాడు. పక్కన ఒకమ్మాయి ఎక్కింది.

రాజ్‌విహార్ వచ్చింది. ఆ అమ్మాయి దిగబోయింది. చున్నీ రాలేదు.

"అన్నా, నా చున్నీ మీ కింద ఉండాది. కొంచెం లేస్తారా."

ప్రేమకథలో అమ్మాయి మొదటి మాటే అన్నా అయితే కథ అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు. ఎందుకంటే అతను లేవలేకపోయాడు. ఒక పక్క మనిషి, ఇంకో పక్క ఇంకో మనిషి, నెత్తిమీద ఇనుప కడ్డీ.

"లేస్తాండా. ఒక్క నిమిషం."

"ఎన్ని నిమిషాలప్పా?" అన్నాడు డ్రైవరు. "వెనక బస్సోడు హారన్ కొడతాండాడు. ఇద్దరూ బురుజు కాడ దిగండి."

"నేనెందుకు బురుజు కాడ దిగాల? నా ఆఫీసు ఈడ."

"అయితే చున్నీ వదిలేసి పో తల్లీ."

చున్నీ వదల్లేదు. ఆటో కదిలింది.

"సారీ అండీ" అన్నాడు ప్రదీప్‌కుమార్.

"మీ సారీతో నా చున్నీ బయటికి రాదు."

కొండారెడ్డి బురుజు దగ్గర అందరూ దిగాక, చివర్న అతను దిగాక, చున్నీ బయటికొచ్చింది. ఒక్క మడత లేదు. ఆ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇస్త్రీ బాగా చేసినారు" అని నవ్వింది.

ప్రదీప్‌కుమార్‌ను చూసి నవ్వినవాళ్లు చాలామందే ఉన్నారు. అందరూ పొట్టను చూసి నవ్వారు. ఈ అమ్మాయి మొహం చూసి నవ్వింది. ఆ తేడా తెలిసేంత అనుభవం అతనికుంది.

ఆమె పేరు పద్మప్రియ. ఆత్మకూరులో శనక్కాయల వ్యాపారం చేసే ధనుంజయ శెట్టి కూతురు. బి.కాం చదివి కర్నూల్లో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తోంది. వ్యాపారులు తెచ్చే మొరటు అబద్ధాలను నున్నటి అబద్ధాలుగా మార్చడం ఆ ఆఫీసు పని. మూడేళ్లు ఆ పని చేశాక ఆమెకు నిజమంటే తిండి కంటే ఇష్టమైపోయింది.

ప్రదీప్‌కుమార్ వన్‌టౌన్‌లో బెల్లం, చింతపండు హోల్‌సేలు కొట్టు నడిపే కేశవయ్య ఒక్కగానొక్క కొడుకు. అంతకుముందు కొట్టు కాగితాలు గుమాస్తాతో ఆడిటర్ దగ్గరికి పంపేవాడు. వానరోజు తర్వాత తనే తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. ఆ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. పైకెక్కి, కుర్చీలో పడి, అయిదు నిమిషాలు ఫోను చూస్తున్నట్టు నటించి, ఆయాసం తగ్గాక "బాగుండారా" అనేవాడు.

"నేను బాగుండా. మీరు బాగుండారా?" అని నీళ్లసీసా ఇచ్చేది ఆమె.

కాగితాలేమో ఒక్కసారి ఇస్తే సరిపోయేవి. అతను పేజీకి ఒకరోజు చొప్పున ఇచ్చాడు. ఈ సంగతి గుమాస్తా కేశవయ్యకు చెప్పాడు. కేశవయ్య కులమేదని అడిగాడు, గోత్రమేదని అడిగాడు, రెండూ కుదిరాక అది ప్రేమ కాదు సంబంధం అని తేల్చి ఆత్మకూరుకు కబురు పెట్టాడు.

ధనుంజయ శెట్టి వచ్చాడు. ఎండు మిరపకాయలా ఉంటాడు మనిషి. యార్డులో శనక్కాయల కుప్ప చుట్టూ తిరిగినట్టు ప్రదీప్‌కుమార్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"పిల్లోడు మంచోడే. కొంచెం ఎక్కువుండాడు" అన్నాడు.

"మా ఇంట్లో అందరం ఇంతే" అంది ప్రదీప్ తల్లి అలివేలమ్మ.

"ఎంతుంటాడు?"

"నూటపన్నెండు" అన్నాడు కేశవయ్య, ధర చెప్పినట్టు.

"తొంభై లోపలికి రానీప్పా. అప్పుడు తాంబూలాలు మార్చుకుందాం."

"తొంభయ్యే ఎందుకన్నా?" అంది అలివేలమ్మ.

ధనుంజయ శెట్టి కాసేపు ఆలోచించాడు. డాక్టరు పేరు చెబుతాడనుకున్నారు అందరూ.

"మా తమ్ముని అల్లుడు తొంభై ఒకటి" అన్నాడు.

అంతటితో ఒక పిల్లవాడి పెళ్లికి లెక్క ఖరారైంది.

మర్నాటి నుంచి ప్రదీప్‌కుమార్ కేసీ కెనాల్ గట్టు మీద నడక మొదలుపెట్టాడు. అన్నం తగ్గించాడు, జొన్నరొట్టె పట్టాడు. ప్రతి శుక్రవారం కొట్టు తెరిచి, సాంబ్రాణి వేశాక, కేశవయ్య కొడుకును బస్తాల కాటా మీద నిలబెట్టేవాడు. హమాలీలు చుట్టూ మూగేవాళ్లు. మూడు కిలోలు తగ్గిన శుక్రవారం కేశవయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజ్‌విహార్ సెంటర్లో ఫ్లెక్సీ వెలిసింది. మూడు కిలోలు తగ్గిన యువ వ్యాపారవేత్తకు శుభాకాంక్షలు, ఇట్లు మిత్రబృందం. మిత్రబృందం అంటే కేశవయ్యే.

సంతోషం ఫ్లెక్సీతో తీరలేదు. బజారంతా పూర్ణం నింపిన ఓళిగలు పంచారు. నెయ్యి లేకుండా పంచితే జనం ఏమనుకుంటారని నెయ్యి ధారగా పోశారు. మన దేశంలో ఏ ఆనందమైనా తిని తీర్చుకోవాల్సిందే, చివరికి తినడం మానేసిన ఆనందం కూడా. తగ్గినవాడే తినకపోతే శుభం కాదని ప్రదీప్‌కుమార్ నోట్లో నాలుగు కుక్కారు. తర్వాతి శుక్రవారం కాటా కిలోన్నర ఎక్కువ చూపింది. దానికి ఫ్లెక్సీ వేయలేదు.

"మీ ఫ్లెక్సీ చూసినా" అంది పద్మప్రియ, అతను ఆఫీసుకు వచ్చినప్పుడు.

"మా నాయన పెట్టించినాడు. నేను వద్దన్నా."

"మూడు కిలోలకే అంత ఫ్లెక్సీ. ఇరవై తగ్గితే విగ్రహం పెడతారేమో."

"నవ్వొద్దు. ఇంకా శానా తగ్గాల. తగ్గకపోతే మీ నాయన..."

"మా నాయన కాటా సంగతి నాకెందుకు? నేను ఇంకోటి చూసినా."

"ఏంది?"

"ఇంతకుముందు మీరు ఈడికొచ్చి అయిదు నిమిషాలు మాట్లాడేవాళ్లు కాదు. మొన్న మెట్లెక్కి వస్తానే నాతో గొడవ పెట్టుకున్నారు. కూర్చోను కూడా లేదు."

"గొడవా? నేనా?"

"నన్ను అన్నా అని పిలవొద్దు అని. మా సార్ కూడా విన్నాడు."

ప్రదీప్‌కుమార్ సిగ్గుపడ్డాడు. ఆ సంగతి అతను గమనించనే లేదు. మూడు అంతస్తులు ఎక్కి, ఇంకా గొడవకు సరిపడా ఊపిరి మిగిలిందని కాటా చెప్పలేదు మరి.

ఆ రోజు నుంచి ఆమె అలాంటివి ఏరి చెప్పడం మొదలుపెట్టింది. బూటు లేసు తనే కట్టుకున్నాడని ఒకరోజు. కిందపడిన పెన్ను వంగి తీసిచ్చాడని ఒకరోజు. ఇంట్లో మాత్రం ఇంకోలా ఉండేది. ఒక తెల్లవారుజామున గురక వినపడక అలివేలమ్మ భయపడి లేచి, కొడుకు ముక్కు కింద వేలు పెట్టి చూసింది.

"ఏందమ్మా?" అన్నాడు అతను కళ్లు తెరిచి.

"ఏం లేదు. చప్పుడు లేకపోతే..." అని ఏడ్చేసిందామె.

ఆ శుక్రవారం కాటా అర కిలో కూడా తగ్గలేదు. ఇల్లంతా దిగులుగా కూర్చుంది.

తొంభై ఏడు దగ్గర ముల్లు మొండికేసింది. రెండు నెలలు కదల్లేదు. కేశవయ్య ఓర్పు అయిపోయింది. ఒక శుక్రవారం కొడుకు కాటా దిగగానే కాలిక్యులేటర్ తీసుకున్నాడు.

"బట్టలకు రెండు. పొద్దున తిన్నదానికి, తాగినదానికి రెండు. ఎముకలు మా వంశానివి, వాటికి మూడు. కాటా పాతబడింది, దానికొకటి. ఎనిమిది తీసేస్తే ఎనభై తొమ్మిది."

"నాయనా, అది అబద్ధం."

"అబద్ధం కాదురా, తరుగు. బస్తా కొంటే తరుగు తీయమా? నువ్వేమన్నా దేవలోకం నుంచి దిగినావా?"

అని ఆత్మకూరుకు ఫోను చేశాడు. ధనుంజయ శెట్టి కూడా వ్యాపారే. రైతు దగ్గర శనక్కాయలు కొన్న ప్రతిసారీ తరుగు తీసినవాడే. నమ్మలేదు.

"సంతోషం. అయితే నీ కొట్టు కాటా మీద కాదప్పా, స్వామి కాటా మీద చూస్తా. చెల్లెమ్మకు మంత్రాలయంలో తులాభారం మొక్కు ఉండాదంట గదా. గురువారం తీర్చేయండి. ఎనభై తొమ్మిదికి తూగితే ఆడనే తాంబూలాలు."

కొడుకు బరువుకు సరిపడా బెల్లం ఇస్తానని అలివేలమ్మ మొక్కుకున్న మాట నిజమే.

బుధవారం సాయంత్రం ప్రదీప్‌కుమార్ ఆఫీసు మెట్ల మీద పద్మప్రియకు నిజం చెప్పాడు.

"నేను తొంభై ఏడు."

"మా నాయనకు చెప్పు" అంది. ఆమె నువ్వు అనడం అదే మొదలు. సంతోషించే సమయం అతనికి లేకపోయింది.

"చెబితే పిల్లనియ్యడు."

"చెప్పకుండా తీసుకుంటే నేను రాను. పగలంతా దొంగ లెక్కలు సర్ది, ఇంటికొచ్చి ఇంకోటి సర్దాలా?"

చెబితే తండ్రి ఇవ్వడు. చెప్పకపోతే కూతురు రాదు. మూడు అంతస్తులు దిగుతుంటే ఆ రోజు అతనికి మళ్లీ ఆయాసం వచ్చింది.

గురువారం మంత్రాలయం కిటకిటలాడుతోంది. మగవాళ్లంతా చొక్కాలు విప్పాలి. కాబోయే మామ ముందు, కాబోయే పెళ్లాం ముందు, ఊరూ పేరూ తెలియని జనం ముందు ప్రదీప్‌కుమార్ పంచెతో, భుజం మీద శల్లాతో నిలబడ్డాడు. స్వామికి మనసులో ఏదో చెప్పుకుని, వెళ్లి తక్కెడలో బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

అవతలి తక్కెడలో కేశవయ్య తన కొట్టు నుంచి తెచ్చిన ఎనభై తొమ్మిది కిలోల బెల్లం పేర్చారు. చివరి అచ్చు పెట్టారు. ప్రదీప్‌కుమార్ కూర్చున్న తక్కెడ నేలను వదల్లేదు.

"ఇంకా బేకు, తెచ్చుకోండి" అన్నాడు సేవ చూసుకునే ఆయన, కన్నడం కలిపి.

"ఎనభై తొమ్మిది అంటివి గదప్పా" అన్నాడు ధనుంజయ శెట్టి.

"బెల్లం ఎనభై తొమ్మిదే."

"అయితే పిల్లోడు ఎక్కువుండాడు."

"పిల్లోడు కరెక్టుగానే ఉండాడు. బెల్లమే తక్కువుందేమో." అనేశాక కేశవయ్యకు తన నోటి నుంచి ఏమొచ్చిందో అర్థమైంది.

"మా తమ్ముడు బెల్లం నీ కొట్లోనే కొంటాడు" అన్నాడు ధనుంజయ శెట్టి నిదానంగా.

కొడుకు లావన్నా కావాలి, కొట్టు తూకం తప్పన్నా కావాలి. రెంటిలో దేన్ని వదులుకోవాలో తేల్చుకోవడానికి కేశవయ్యకు కొంత సమయం పట్టింది. తండ్రికి పట్టాల్సిన దానికంటే ఎక్కువే పట్టింది.

"మామా" అన్నాడు ప్రదీప్‌కుమార్ తక్కెడలోంచే. "నేను తొంభై ఏడు. మా నాయన ఎనిమిది తరుగు తీసినాడు. బెల్లంలో ఎంత తీసినాడో నాకు తెలీదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కేశవయ్య శల్లాతో మొహం తుడుచుకున్నాడు.

"మాట తొంభై లోపల అని గదా" అన్నాడు ధనుంజయ శెట్టి.

"మాట అదే. నేను రాలేదు. వస్తానో రానో కూడా చెప్పలేను. కానీ మెట్లెక్కుతాండా. నిద్ర పడతాండాది. పదో తరగతి తర్వాత నేను కింద కూర్చోవడం ఈ సంవత్సరమే. అది మీకు లెక్కలోకి రాదంటే, మొక్కు తీర్చుకొని మా దోవన మేం పోతాం."

చెప్పేటప్పుడు అతను పద్మప్రియ వైపు చూడలేదు.

"నాయనా" అంది పద్మప్రియ. "నువ్వు ఎంతుంటావు?"

"అరవై రెండు. ఏం?"

"కింద కూర్చొని ఎన్నేళ్లయింది? పూజ కూడా కుర్చీలోనే చేస్తావు. ఆయన అరగంట నుంచి బాసిపట్టేసుకొని ఉండాడు. మీ ఇద్దరి బేరం వింటా."

అని, జవాబు కోసం ఆగకుండా బయటికి పోయింది. వెళ్లిపోయిందనుకున్నారు. ప్రదీప్‌కుమార్ తలొంచుకున్నాడు. కాసేపటికి రెండు చేతులా బెల్లం అచ్చులు పట్టుకుని తిరిగొచ్చింది. తక్కెడ దగ్గరికి పోతుంటే అలివేలమ్మ అడ్డుపడింది.

"వద్దు తల్లీ. ఇది ఇంటోళ్ల మొక్కు. బయటోళ్ల చెయ్యి పడగూడదు."

"అందుకే పెడతాండా అత్తా" అంది పద్మప్రియ.

అలివేలమ్మ పక్కకు జరిగింది. పద్మప్రియ అచ్చులు ఒక్కొక్కటే పెట్టింది. తక్కెడ కదిలింది కానీ లేవలేదు.

"ఇంకా కొంచెం" అన్నాడు సేవ చూసుకునే ఆయన.

అందరూ ధనుంజయ శెట్టి వైపు చూశారు. ఆయన ఎటూ చూడకుండా బయటికి నడిచాడు. అంగడివాడితో గొడవపడి, రెండుసార్లు తూకం వేయించి, ఒక పెద్ద అచ్చు మోసుకొచ్చాడు. తక్కెడలో పెట్టడానికి వంగలేకపోయాడు. కూతురు అందుకుని పెట్టింది. ఆయన దాని మీద చెయ్యి మాత్రం వేశాడు.

ప్రదీప్‌కుమార్ రెండంగుళాలు పైకి లేచాడు.

హారతి అయ్యాక అతను బాసిపట్టు విప్పి, తనంతట తనే లేచి నిలబడ్డాడు. ఎవరి ఆసరా అక్కర్లేకపోయింది. అయినా పద్మప్రియ చెయ్యి అందించింది. అయినా అతను పట్టుకున్నాడు.

"లేసినావు గదా. ఇంక వదులు" అంది ఆమె.

"ఊహూఁ."

"జనం చూస్తాండారప్పా" అన్నాడు ధనుంజయ శెట్టి.

"చూడనీ మామా. సేవ టికెట్టు కొని వచ్చినారు" అన్నాడు ప్రదీప్‌కుమార్, చెయ్యి వదలకుండానే.